నలభై ఎనిమిదో పేజీ దాకా

"నలభై ఎనిమిదో పేజీ దాకా చాలా బాగుంది."

ఆ కార్డు మీద అంతే ఉంది. లైబ్రేరియన్ దాన్ని బోర్డు మీంచి విసురుగా పీకింది. గుండుసూది ఎగిరి ఎక్కడో పడింది.

"ఇది ఎవరి పనో నాకు తెలుసు," అంది పళ్లు బిగబట్టి.

పేపరు చదువుతున్న రిటైర్డ్ డ్రిల్ మాస్టారు తలెత్తకుండానే నవ్వాడు. "ఇంకెవరమ్మా? మన సగం పేజీల సుందరి."

ఏడాదిలో ముప్పై నవలలు చదవాలి. ఒక్కో నవల మీద మనసులో మాట ఉన్నదున్నట్టు కార్డు మీద రాసి బోర్డుకి గుచ్చాలి. ఈ చాలెంజ్ మొదలుపెట్టింది లైబ్రేరియనే. "ఈ రోజుల్లో నవలలు ఎవరు చదువుతున్నారు? ఆ హాలు ఖాళీ చేయిద్దాం," అని కమిటీ ప్రెసిడెంటు అన్న రోజున పట్టిన పంతం. ఎంత చెత్త నవలైనా ఆఖరి పేజీ చూడందే పక్కన పెట్టని మనిషి ఆమె.

వచ్చే వారం కమిటీ వాళ్లు బోర్డు చూడడానికి వస్తున్నారు. బోర్డు మీద ఈవిడగారి కార్డులు ఇరవై ఆరు.

"రాసినాయనకి ఆకలంటే తెలీదు. నూట పన్నెండు దాకా ఓపిక పట్టాను."

"పెళ్లికూతురి పిన్ని ఎప్పుడు చస్తుందా అని చూశాను. అరవయ్యో పేజీ దాకా చావలేదు."

"అబద్ధం. జబ్బు మనుషులు ఇంత చక్కగా మాట్లాడరు. పంతొమ్మిది దాకా భరించాను."

చదువుతున్నకొద్దీ లైబ్రేరియన్‌కి ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. చంకలో మూడు నవలలు.

"ఇదేంటండీ?" లైబ్రేరియన్ కార్డు ఆవిడ మొహం ముందు ఆడించింది.

"ఆ నవల మీద అభిప్రాయమండీ."

"నలభై ఎనిమిది తర్వాత ఏమైంది?"

"తెలీదు."

"అంటే చదవలేదు."

"లేదండీ. అక్కడితో అయిపోయింది."

"రెండొందల పేజీల నవల నలభై ఎనిమిదికే అయిపోయిందా? ఎవరి చెవిలో పువ్వులు పెడతారు?"

హాల్లో నలుగురూ ఇటు తిరిగారు.

"అది కాదండీ, నేను చెప్పేది..."

"నేనింకా అడగడం అవలేదు. ఇదిగో, ఈ నవలని మొన్న దండగన్నారు. నిన్న అదే నవలకి, ఇంత మంచిది పుట్టి బుద్ధెరిగి వినలేదని రాశారు. చదవలేదని రాయడం కూడా రాదా మీకు? ఇందులో ఏది నిజం?"

"రెండూ నిజమేనండీ."

డ్రిల్ మాస్టారు గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వుతో లైబ్రేరియన్‌కి ఉన్న కాస్త నిదానం కూడా పోయింది. లేచి, బోర్డు మీద ఉన్న ఆవిడ కార్డులన్నీ ఒక్కొక్కటే పీకింది.

"నా పేరు కొట్టేయండి," అంది ఆవిడ గాభరాగా. "ఆ కార్డులు మాత్రం చింపకండి."

లైబ్రేరియన్ చింపింది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.

"ఏం చేస్తున్నావు నువ్వు!"

అంత నెమ్మదైన మనిషిలోంచి అంత పెద్ద అరుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు. మొహం ఎర్రబడిపోయింది.

"మీ రాతలేగా? ఇంట్లో కూర్చుని ఇంకో ఇరవై ఆరు రాసుకోండి."

"అవి మళ్లీ రాయించుకోగలిగేవి కావు!"

"రాయించుకోవడమా? ఓహో! చదవడమే కాదు, రాసేది కూడా మీరు కాదన్నమాట! మీలాంటి వాళ్లకి నా లైబ్రరీలో చోటు లేదు. ఇక రాకండి."

ఆవిడ మూడు నవలలు బల్ల మీద పెట్టింది. వాటి మీద తన సభ్యత్వం కార్డు పెట్టింది. చెత్తబుట్ట వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

కమిటీ వచ్చింది. బోర్డు చూసి మెచ్చుకుంది. హాలు నిలిచింది.

ఇంకో పది రోజులకి ఒక దర్జీ వచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మేడమ్, ఇక్కడ నవలల మీద కార్డులు రాసి పెడతారంట కదా. అందులో మా ఆవిడ మాట ఒకటుంది. చూసుకుని పోతాను."

"మీ ఆవిడ ఇక్కడ మెంబరా?"

"కాదండీ. ఇంకొకావిడ రాశారు. యాభై పైబడ్డావిడ. చంకలో ఎప్పుడూ పుస్తకాలుంటాయి."

లైబ్రేరియన్ మొహం మాడింది. "ఆవిడా? అవన్నీ దొంగ కార్డులు. చింపి పారేశాను."

"చింపేశారా?" దర్జీ గొంతు లేచింది. "ఎవరినడిగి చింపారండీ? ఆ రోజు నేను కొట్లో ఉండిపోయాను. ఆఖరి మాట వినడానికి లేకుండా పోయాను. అది మీ కార్డు మీద ఉందన్న ఆశతో కదా ఇంత దూరం వచ్చాను!"

"ఆఖరి మాటేంటి?" లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచింది. "ఆవిడ ఎక్కడుంటారు? నేనే వెళ్లి కనుక్కుంటాను."

"ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. పుస్తకాలు ఇవ్వనన్నారంట మీరు. అప్పట్నుంచి రావడం మానేశారు."

"అసలు ఎవరండీ ఆవిడ?"

"మాకు చుట్టం కాదు, అక్కడ నర్సూ కాదు," అన్నాడు దర్జీ, "పెద్దాసుపత్రి ఆఖరి వార్డులో పుస్తకం చేత్తో పట్టుకునే ఓపిక లేనివాళ్ల పక్కన కూర్చుని రోజూ సాయంత్రం నవలలు చదివి వినిపించేవారు, వింటున్న మనిషి ఏ పేజీలో కన్ను మూస్తే ఆ పేజీలోనే పుస్తకం మూసేసి, అప్పటిదాకా ఆ మనిషి ఏమన్నదీ ఉన్నదున్నట్టు మీ కార్డు మీద రాసేవారు."