రెండో గ్లాసు

"నా కాలరు వదులు బాబూరావ్! నేనేమన్నా దొంగనా?" అంటూ ఇక్బాల్ పగలబడి నవ్వాడు.

బాబూరావు వదల్లేదు. ఇద్దరూ ఒక సన్నటి చెక్క మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. టీ కొట్టు బల్ల అయి ఉంటుందని ఇక్బాల్ అనుకున్నాడు. కాళ్లు ఊపుకుంటూ కూర్చోవడం మహా హాయిగా ఉంది. నరసరావుపేటలో కరెంటు పనులు చేసుకునే ఈ స్నేహితులు ఏటా శివరాత్రికి కోటప్పకొండ వచ్చి, వెదుళ్లతో ఆకాశమంత ఎత్తున కట్టే ప్రభకు దీపాలు పెడతారు. ఈ ఏడు పని ముగిసింది. ఆఖరి బల్బు బిగించింది ఇక్బాల్‌కు బాగా గుర్తుంది. ఆ తర్వాత బాబూరావు ఎప్పుడొచ్చి పక్కన చేరాడో మాత్రం గుర్తు లేదు.

"ఎన్ని గ్లాసులు తాగావురా?" బాబూరావు గొంతు తగ్గించి అడిగాడు.

"బైరాగి ఒకటే ఇచ్చాడు. ఎంతసేపు చూసినా ఏమీ ఎక్కలా. పాలల్లో భంగు కలిపాడో, గడ్డి కలిపాడో! అందుకని రెండోది అడిగి తాగా. అదీ ఎక్కలా."

ఎక్కలేదన్న మాటకు తనకే నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నాడో మరిచిపోయి, మరిచిపోయినందుకు మళ్లీ నవ్వాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. అయినా సాయంత్రపు గాలి చల్లగా తగులుతుంటే ప్రపంచమంతా ముద్దొస్తోంది. ఎదురుగా చాంద్ బీ గాజుల కొట్టు. ఎర్రగాజులు చెయ్యి చాస్తే అందేలా మెరుస్తున్నాయి.

"మా మున్నీకి గాజులు తెస్తానని మాటిచ్చా. పోయినేడు మరిచిపోతే చానా ఏడ్చింది. ఈసారీ ఉత్త చేతులతో పోతే నా బిడ్డ నాతో మాట్లాడదు. అదిగో, కొట్టు కట్టేస్తన్నారు. రెండడుగులే, పోయొస్తా!"

"నేను తెస్తాలే. నువ్వు కూర్చో."

"నా బిడ్డకి నువ్వు తెచ్చేదేంది?"

బాబూరావు తాడు తీసి అతని నడుముకు చుట్టసాగాడు.

"ఏందిరా ఇది? నేనేమన్నా ఎద్దునా?"

"తిరునాళ్లలో తప్పిపోతావని."

ఇక్బాల్‌కు నవ్వు ఆగలేదు. మీసాలొచ్చి ఇన్నేళ్లయినవాడు తప్పిపోతాడట! అంతలో డప్పులు ఆగిపోయాయి. "దయచేసి ఎవరూ అరవకండి, నిశ్శబ్దంగా ఉండండి" అని మైకులో ఎవరో బతిమాలుతున్నారు. తిరునాళ్లలో నిశ్శబ్దమేమిటో! జనమంతా ఇక్బాల్ వైపే చూస్తున్నారు. కొందరు చేతులు కూడా జోడించారు.

"చూశావా? నేను పెట్టిన దీపాలకి దణ్ణాలు పెడతన్నారు!" అని ఇక్బాల్ అందరికీ వంగి వంగి సలాములు చేశాడు.

బాబూరావు అతని చొక్కా గట్టిగా పట్టుకుని, "నీకు పుణ్యముంటది, కదలమాక. మనోళ్లు వస్తన్నారు" అన్నాడు.

"ఏందిరా ఈ బతిమాలటం? తాగింది నేనా, నువ్వా?"

బాబూరావు కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అది చూసి ఇక్బాల్‌కు వాడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇంత మంచివాడికి ఇంత పిరికితనమేమిటో అనుకుంటూ, భుజం మీది తువ్వాలుతో వాడి చెంపలు తుడిచాడు.

"ఏడవమాక. నీ కూతురికి కూడా తెస్తా, సరేనా?"

తాడు ముడి ఇంకా పడలేదు. కొట్టు ముందు పరదా దించుతున్నారు. మున్నీ ముఖం కళ్లలో మెదిలింది. ఇక ఆగలేక ఇక్బాల్ చటుక్కున లేచి నిలబడ్డాడు. బాబూరావు రెండు చేతులతో అతని కాలు వాటేసుకున్నాడు.

"వద్దురా ఇక్బాల్! మున్నీ మీద ఒట్టు!"

"ఒక్క అడుగేరా" అని నవ్వుతూ ఇక్బాల్ రెండో కాలు ముందుకు చాపాడు.

వాళ్లిద్దరూ ఉన్నది ప్రభ పైన, చిట్టచివర.