రెండో బకెట్టు

"గీజరు పాడైంది నాన్నా! రెండు చెంబులు పోసుకునేసరికి ప్రాణం పైకి పోయింది."

కూతురు తలకు తువ్వాలు చుట్టుకుని, పళ్ళు టకటకలాడుతుండగా బాత్రూంలోంచి బయటికొచ్చింది. తండ్రి ఒంటరివాడయ్యాడని, వారం రోజులు తోడుందామని నిన్ననే వచ్చింది.

"పాడవడమేంటి? ఇప్పుడేగా నేను పోసుకొచ్చాను. పొగలు కక్కుతున్నాయి." ఆయన పేపరులోంచి తలెత్తలేదు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి. ఇంట్లో పేపరు చదివేటప్పుడు కూడా చేతిలో ఎర్ర పెన్ను ఉండాల్సిందే.

"నీకు పొగలు, నాకు మంచుగడ్డలు. పీకేసి కొత్తది పెట్టిద్దాం."

"దాని జోలికి వెళ్ళకు. మీ అమ్మ పోయి నెలైనా కాలేదు, అప్పుడే ఇంట్లో వస్తువులు మారుస్తావా? ఆ గీజరు గురించి మీ అమ్మ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు."

"ఊరందరి తప్పులూ దిద్దుతావు, ఇంట్లో తప్పుందంటే మాత్రం ఒప్పుకోవు."

పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన ఒకటే మాట చెబుతున్నాడు: "ఆవిడకు సిరిసంపదలివ్వలేదు కానీ, ఒక్కరోజు కూడా కష్టపెట్టలేదు." ఆ ఒక్క మాట పట్టుకునే లేచి తిరుగుతున్నాడు. ఆ సంగతి తెలిసి కూతురు ఇంకేమీ అనకుండా మెకానిక్కుకు ఫోను చేసింది.

మెకానిక్కు వస్తూనే మెయిన్ కట్టేసి స్టూలెక్కాడు.

"దానికేం కాలేదయ్యా. మా అమ్మాయికి కొత్తవంటే మోజు," అన్నాడాయన.

"నాడి పట్టుకోకముందే రోగం లేదంటే ఎలా సార్?" మెకానిక్కు కూతురి వైపు తిరిగాడు. "స్విచ్చి వేసే ఉంచారామ్మా?"

"లేదు. నాన్న స్నానం కాగానే ఆపేశారు."

"ఆపనా మరి? కరెంటుతో చెలగాటమా? మీ అమ్మను కూడా స్విచ్చి వేసి ఉండగా లోపలికి వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు. నేను బయటికి రాగానే కట్టేసి, అప్పుడు వెళ్ళమనేవాణ్ణి. అంత భద్రంగా చూసుకున్నాను."

మెకానిక్కు తలవంచుకుని మరలు విప్పాడు. ట్యాంకులో నీళ్ళు బకెట్లోకి వదిలి, కాయిల్ లాగాడు. అది తెల్లటి ముద్దలా ఊడొచ్చింది. వెంట గుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు గలగలా రాలాయి. తర్వాత లోపలికి చేయి పోనిచ్చి గొట్టం ముక్క ఒకటి బయటికి తీశాడు.

"సున్నం సార్. ట్యాంకులో సగం ఇదే. చన్నీళ్ళు దిగే గొట్టం కూడా విరిగింది. వచ్చే చన్నీళ్ళు వచ్చినట్టే వేణ్ణీళ్ళలో కలిసిపోతున్నాయి."

"అంటే ఈమధ్యే విరిగిందన్నమాట. నిన్నో మొన్నో."

"నిన్నా మొన్నా ఏంటి సార్! విరిగిన అంచు చూడండి, దానిమీద కూడా వేలు మందం పెచ్చు కట్టింది. తక్కువలో తక్కువ మూడు చలికాలాలు గడిచుంటాయి. ఒక్క బకెట్టు వేడిగా ఇస్తుంది. రెండోది కుళాయి నీళ్ళే అనుకోండి."

"కాదు. నాకు రోజూ వేడిగానే వచ్చేవి."

"మీకు వస్తాయి సార్. ముందు పోసుకున్నవాళ్ళకు ఎప్పుడూ వస్తాయి."

ఆయన గోడకు చేయి ఆనించాడు.

మెకానిక్కు స్టూలు దిగి, గొట్టం ముక్కను ఆయన చేతిలో పెట్టాడు. "ఇంట్లో రెండో మనిషుండి ఉంటే మొదటి వారంలోనే నాకు ఫోను వచ్చేది," అని గొంతు తగ్గించాడు. "అమ్మగారు పోయి మూడేళ్ళు దాటిందనుకుంటాను, కదా సార్?"

"ఇరవై రోజులు," అన్నాడాయన.