సుత్తి

"సుత్తి ఇటియ్యే. గూడ్సు వొచ్చేత్తంది!" చెయ్యి చాపి కసిరాడు నూకరాజు. బిలాస్‌పూర్ యార్డులో బండి చక్రాలను సుత్తితో కొట్టి చూడటం అతని డ్యూటీ.

అతని పెళ్ళాం చిన్నమ్మి సుత్తిని వీపు వెనక దాచేసింది. "ముందు ఆసుపత్రికి నడు మావా. నీ మెడ మీద గడ్డలోంచి ముక్క తీసి చూత్తేనే కేన్సరో కాదో తెలుత్తాదని డాక్టరమ్మ అన్నాది కదా!"

"రక్తంలో ఏటీ నేదని రిపోర్టు వొచ్చింది కదే. బిల్‌కుల్ సాఫ్! ఇంకా కొయ్యడమేటి?"

"ఇరుసులో నూనె బాగుందని, చక్రం కొట్టకుండానే బండి వొదిలేత్తావేటి?"

"ఎలాగ వొదిలేత్తానే? పగులు లోపలుంటాది. కొడితేనే గానీ..."

నూకరాజు చెయ్యి తనంతట తానే మెడ మీది గడ్డ దగ్గరికి పోయింది.

చిన్నమ్మి సుత్తి తీసి అతని ముందు పెట్టింది. నూకరాజు దాన్ని ముట్టుకోలేదు.

"ఆసుపత్రి కార్డు ఎక్కడెట్టినావే?" అన్నాడు.