మందు వేయని సీసా

"మందు పనిచేసిందిరా," అంది అక్క, మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే.

ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి ల్యాబుకి వచ్చిన తమ్ముడు వంగి చూశాడు. సీసాలోని కణాలు ముడుచుకుపోయి, బుడగలెత్తి, ముక్కలైపోతున్నాయి.

"చెడిపోయిన కణం తనంతట తానే ఇలా చచ్చిపోవాలి. చావడం మరిచిపోయిందా, అదే క్యాన్సర్. ఈ మందు మళ్లీ గుర్తుచేస్తుంది."

"ఇంకేం, ఇన్నాళ్ల నీ కష్టం ఫలించింది! మరి ఆ రెండో సీసా ఏంటి?"

"అవే కణాలు, మందు వేయనిది. పక్కన పెట్టి పోల్చి చూడ్డానికి."

"చూశావుగా. పారబోసెయ్, పోదాం."

అక్క ఆ సీసాను రెండు చేతులా ఎత్తి కణాల్ని బతికించే వెచ్చటి పెట్టెలో పెట్టి, తలుపు మెల్లిగా మూసింది.

"నాన్నని మింగిన కణాలివి. ఆపరేషన్ రోజు నేనే అడిగి తెచ్చుకున్నా. ఆయనలో ఇంకా బతికున్నది ఇదొక్కటేరా."