మందాకిని చచ్చిన వారం

మందాకిని ఆ వారం ఇంకో పిల్ల బతుకు నాశనం చేసింది.

వారపత్రిక సీరియల్లో లెండి. కానీ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వెనక గల్లీలో బీడీలు చేసే ఆడవాళ్లకు అది పక్కింట్లో జరిగినట్టే ఉండేది. అప్పటికి గల్లీ మొత్తంలో ఒక్క రేడియో కూడా లేదు.

"థూ! దాని నోట్ల మన్నువడ! గదేం ఆడిది?" అంది లింగవ్వ, తునికాకు కత్తిరిస్తూ.

"ఆగవే, సదువనియ్యి," అంది అంజవ్వ.

అక్కడ చదువొచ్చింది విమలమ్మ ఒక్కతికే. ఆమె సీరియల్ చదవాలి, ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టిపెట్టాలి. అదీ ఒప్పందం. కూర్చున్నచోట కూలి దొరుకుతుంటే చేదా? గొంతు మార్చి, కళ్లు తిప్పి మరీ చదివేది విమలమ్మ. హాస్టల్ వార్డెన్ మందాకిని వచ్చిందంటే చాలు, గొంతులో విషం కలిపేది.

ఆ మందాకినికి పెళ్లి వద్దట. మగవాడి గాలి సోకితే ఒళ్లు మంటట. చక్కని ఆడపిల్లను చూస్తే మాత్రం మిఠాయిలు పెట్టి గదిలోకి పిలుస్తుందట. ఆడదాన్ని ప్రేమించే ఆడది ఎట్లా ఉంటుందో ఆ రాసినాయన ఏ జన్మలో చూశాడో మరి!

విమలమ్మ కూడా చూడలేదు. అయినా అక్షరం పొల్లు పోకుండా నమ్మింది. నమ్మాక వెతకడం మొదలుపెట్టింది.

ఎంతో దూరం వెతకలేదు. గల్లీ చివరి గదిలో ఇద్దరు ఆడవాళ్లుండేవాళ్లు, రుక్మాబాయి, వసంతమ్మ. ఇద్దరికీ యాభై దాటాయి. ఎప్పుడో నాందేడ్ దిక్కు నుంచి వచ్చారు. వసంతమ్మ రవికలు కుట్టేది, రుక్మాబాయి సంతలో అమ్మేది. "మీకు మీకు ఏం వరుస?" అని అడిగితే "ఒకలకొకలం" అని నవ్వేది రుక్మాబాయి. ఇన్నేళ్లూ ఆ జవాబు ఎవరికీ తప్పుగా తోచలేదు. సీరియల్ వచ్చాక తోచింది.

విమలమ్మకైతే నిద్రే పట్టలేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు రేణుక ఆ గదికే పోతోంది మరి! పందొమ్మిదేళ్ల పిల్ల. నెల నుంచి సరిగ్గా తిండి లేదు, నోట మాట లేదు. వర్ని ఊరివాళ్లు పెళ్లిచూపులకు వచ్చిపోయినప్పటి నుంచి మరీ చిక్కి సగమైంది. ఇంట్లో పెదవి విప్పని పిల్ల ఆ గదిలో గంటలకొద్దీ కూర్చునేది.

"విమలక్కా, గా బాయి నీ పిల్లకు మందు వెట్టినట్టుంది," అంది లింగవ్వ.

విమలమ్మకు మందాకిని గుర్తొచ్చింది. సీరియల్లో పిల్ల కూడా అచ్చం ఇట్లాగే చిక్కిపోయింది.

ఆ మధ్యాహ్నమే గల్లీనంతా వెంటబెట్టుకుని పోయి ఆ తలుపు బాదింది.

"నా బిడ్డను ఏం జేసినవే?"

రుక్మాబాయి బయటికొచ్చింది. "అగ బాయీ! మెల్లగ మాట్లాడు విమలా. లోపటికి రా, అన్ని చెప్త."

"నీ లోపటికి నేనొస్తనా? నువ్వెసొంటిదానివో పత్రికల మొత్తం రాసిండ్రు!"

"నా సంగతి పత్రికోనికేం ఎర్క?" రుక్మాబాయి చేతులు జోడించింది. "నన్ను తిట్టు, పడ్త. రేణుకను మాత్రం ఒంటిగ ఇడ్వకు. పిల్ల ముంగట గా కత సదువకు తల్లీ, నీ కాల్మొక్త."

"సూసిండ్రా? సదువొద్దంట! గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకుంటున్నది!"

గల్లీ గొల్లుమంది.

ఇంటి యజమాని రామస్వామి వచ్చాడు. ఆయనకూ పరువుంది కదా, పొద్దుగూకేలోపు గది ఖాళీ చేయించాడు. కుట్టుమిషను రిక్షాలో పెట్టుకుని, ఏడుస్తున్న వసంతమ్మ చెయ్యి పట్టుకుని బస్టాండు దారి పట్టింది రుక్మాబాయి. ఏ ఊరికని అడిగిన నోరు లేదు. విమలమ్మ కూతుర్ని ఇంట్లో పెట్టి గొళ్లెం వేసింది. పిల్ల లోపల తలుపు బాదుకుంటుంటే, పట్టిన దయ్యం దిగిపోతోందిలే అనుకుంది.

తర్వాతి వారం పత్రికలో మందాకిని బావిలో పడి చచ్చింది.

"పీడ వొయింది! అసొంటిది సావాల్సిందే," అంది అంజవ్వ.

"గా సచ్చిన ముచ్చట మళ్లొకసారి సదువు విమలక్కా," అంది లింగవ్వ.

విమలమ్మ గొంతు సవరించుకుని, ఇంకా కసిగా చదివింది. చదివి తలెత్తితే, గొళ్లెం తీసి కళ్లెదుటే గడప మీద కూర్చోబెట్టిన రేణుక కనబడలేదు.

చెరుకు బండ్లవాళ్లు చెప్పిన దిక్కుకు పడుతూ లేస్తూ ఉరికింది విమలమ్మ. నిజాంసాగర్ కాలువ గట్టున దొరికింది పిల్ల. రెక్క పట్టుకుని వెనక్కి గుంజింది.

"ఓ బిడ్డా, ఎంత పని జేస్తివే! గా బాయి పోయినా నిన్ను ఇడ్వలేదా?"

రేణుక ఏడవలేదు. తల్లి ముఖంలోకి చూసింది.

"మందాకిని అంటె ఎవలో ఎర్కనా అవ్వా? నేనే. నాకు గూడ ఆడపిల్ల మీదనే మనసు వొయింది."

"ఊకో! గా బాయి నేర్పిన మాటలు..."

"ఎవ్వలు నేర్పలే. రుక్మవ్వ తోటి మాట్లాడకముందుకెల్లే నేను గింతే. వారం వారం నువ్వు సదువుతుంటె, నేను గసొంటి రాక్షసినేమో అనుకున్న."

పట్టిన రెక్క వదలకుండానే అడిగింది విమలమ్మ. "గా బాయి మరి... నిన్ను ఏం జేసింది?"

"పోయిన నెల గూడ సద్దమని గీడికే వచ్చిన అవ్వా. మేమిద్దరం మంచిగ బత్కుతలేమా, నువ్వెందుకు సావాలె బిడ్డా అని నన్ను గట్టుకు గుంజి, రోజు ఇంత బువ్వ తినవెట్టి బత్కించింది గామెనే."