జారిన పట్టు

"పట్టలేదు! నువ్వు కింద పడగానే బంతి జారిపోయింది," అన్నాడు శౌరి.

"ముందు రెండు చేతులా పట్టుకున్నాగా!" మోకాలి మట్టయినా దులుపుకోకుండా అరిచాడు నాగూర్ వలి.

అమెరికా దొర ఇచ్చిన కోడిగుడ్డు లాంటి బంతితో మాచర్లలో రెండు బజార్ల మధ్య పందెం. ఈ పట్టు చెల్లితే వలి జట్టు గెలిచినట్టే. దొర ఊళ్లో లేడు. ఆట చూస్తున్న మంత్రసాని ఆదెమ్మను తీర్పు చెప్పమన్నారు.

"పడ్డాక కూడా చేతుల్లో ఉంటేనే పట్టినట్టు, అవ్వా. దొర చెప్పాడు," అన్నాడు శౌరి.

"అట్టయితే నిన్ను నేను పట్టనట్టేరా. పుట్టినప్పుడు నా చేతుల్లోంచి చేపపిల్లలా జారి చాప మీద పడ్డావు."

అందరూ గొల్లుమన్నారు. శౌరి నవ్వలేదు.

"దెబ్బ తగిలిందా?"

"నీకేం కాలా. నాకే చానా రోజులు వణుకు తగ్గలా. మీ అమ్మకు చెప్పమాక."

"ఏడాదిదాకా రోజూ నువ్వే వచ్చి నాకు నీళ్లు పోశావంట. అందుకేనా?"

ఆదెమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "మరి? ఒళ్లంతా తడిమి చూసుకుంటేగానీ నాకు కూడు దిగేది కాదు."

శౌరి కాసేపు ఆమె చేతుల వంక చూశాడు. తర్వాత బంతి తీసి వలికిచ్చాడు.

"పట్టావులేరా. మీరే గెలిచారు."