వ్యాను మూలన చిన్నగది

మెకానిక్కు అబ్రహాము వ్యాను కిందనుంచి తల బయటికి పెట్టి, "ఆ తలుపు తియ్యకండి రాజుగారూ!" అని అరిచాడు.

అప్పటికే శ్రీనివాసరాజు తీసేశాడు.

కంపు గుప్పుమంది. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, షెడ్డు బయట అరటిగెలల లారీ దాకా వెనక్కి నడిచాడాయన. పొద్దున్నే స్నానం చేసి, విష్ణుసహస్రనామం చదువుకుని రావులపాలెం వచ్చిన మనిషి.

అది సినిమా కంపెనీ వాళ్ళు వాడి వదిలేసిన వ్యాను. లోపల నటులు నడుం వాల్చడానికి పడకలు, పొయ్యి పెట్టుకునే గట్టు, వెనక మూల బీరువా అంత మరుగుదొడ్డి. ఆ ఏడు రొయ్యలు కలిసొచ్చాయి. కార్తీకమాసంలో ఆడవాళ్ళని తీసుకుని కాశీ వెళ్దామని అన్నదమ్ములిద్దరూ చెరిసగం వేసుకుని కొన్నారు. బేరం కుదిర్చింది తమ్ముడు సాంబశివరాజు.

కొన్న వారానికే ఇంజను పొగ కక్కింది. తర్వాత రేడియేటరు పోయింది. ఇప్పుడు ఇది.

"దొడ్డి కింద ట్యాంకు తుప్పుపట్టి కారిపోతోందండి," అన్నాడు అబ్రహాము చేతులు తుడుచుకుంటూ. "ఎన్నాళ్ళ నుంచో ఏంటో, నేలరేకు కూడా తినేసింది. ట్యాంకు, పంపు, గొట్టాలు అన్నీ కొత్తవి వెయ్యాలంటే పాతికవేలు అవుద్దండి. మొత్తం పీకెయ్యమంటే నాలుగువేలల్లో రేకు వేసిచ్చేస్తానండి."

"పీకెయ్," అన్నాడు శ్రీనివాసరాజు.

"వద్దు," అన్నాడు సాంబశివరాజు. అన్నగారి వెనకే వచ్చి వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ సాంబా, పొయ్యికీ దానికీ మధ్య నాలుగడుగుల్లేవు. అక్కడే వండుకు తింటామా? విశ్వేశ్వరుడి దగ్గరికి దొడ్డిని మోసుకెళ్తామా?"

"పొయ్యి తీసేద్దాం అన్నయ్యా. పడకలూ తీసేద్దాం. ఇదొక్కటీ ఉండనీ. ఆ పాతికవేలూ నేనే పెట్టుకుంటాను."

"డబ్బెవడడిగాడ్రా? సినిమావాళ్ళ బండి కొనేసరికి సినిమావాళ్ళ సోకులొచ్చాయేంటి నీకు? దారి పొడుగునా తుప్పలు లేవా, కాలవల్లేవా? నాన్న కాశీ వెళ్ళొచ్చాడు. ఏ దొడ్డిని నెత్తినెట్టుకుని వెళ్ళాడు?"

అబ్రహాము నవ్వు ఆపుకోలేక రెంచీ వెతుక్కునే పనిలో పడ్డాడు. సాంబశివరాజు ఏదో చెప్పబోయి, అబ్రహాము వంక చూసి, మింగేశాడు.

ఇదంతా వరలక్ష్మమ్మ పెట్టిన పోరేనని దారిలో తేల్చుకున్నాడు శ్రీనివాసరాజు. మూడేళ్ళుగా తమ్ముడి భార్య వరస ఆయనకి మింగుడు పడటం లేదు. తన కూతురు శ్రీసత్య పెళ్ళికి రాలేదు. కోరుకొండ స్వామి కళ్యాణానికి రమ్మంటే రాలేదు. ఎప్పుడు పిలిచినా తలుపు చాటునుంచే, "ఒంట్లో బాగోలేదండి బావగారూ" అంటుంది. మనిషి చూస్తే నిక్షేపంలా ఉంటుంది. గది నిండా అగరొత్తుల పొగ. ఇంత భక్తి ఉన్న మనిషికి గుడిమెట్టు ఎక్కడానికి ఏం రోగం? రొయ్యల డబ్బు చూశాక కాలు నేల మీద ఆనడం లేదు, అంతే.

కాశీకి మాత్రం వస్తానంది. అదొక్కటే ఆయనకి నచ్చిన మాట. కానీ ఇంత మైలని వెంటబెట్టుకుని వెళ్తే ఆ యాత్ర యాత్రేనా? దేవుడు ఒప్పుకుంటాడా? రెండు రాత్రులు అదే ఆలోచించాడు.

ప్రయాణం నాలుగు రోజులుందనగా సాంబశివరాజు రొయ్యపిల్లల కోసం కాకినాడ వెళ్ళాడు. శ్రీనివాసరాజు ఒక్కడే రావులపాలెం బస్సెక్కాడు.

తమ్ముడి మాట మీద కొత్త ట్యాంకు బిగించడం అప్పటికే అయిపోయింది.

"పీకు," అన్నాడు.

"అయ్యబాబోయ్! చిన్నరాజుగారు రోజూ బూత్ నుంచి ఫోను చేస్తున్నారండి. లోపలి గడియ గట్టిగా పడాలి, తలుపుకి సందు ఉండకూడదు అని ఒకటే చెప్పడం. దీన్ని మాత్రం ముట్టుకోవద్దన్నారండి."

"ఇంటికి పెద్దవాణ్ణి నేనా, వాడా? వాడు ఫోను చేస్తే ఈ సంగతి చెప్పకు."

అబ్రహాము రెంచీ అందుకున్నాడు.

సాయంత్రానికి ఆ మూల ఖాళీ అయింది. శ్రీనివాసరాజు తనే పసుపునీళ్ళతో రెండుసార్లు కడిగాడు. గోదావరి నీళ్ళు చల్లాడు. చెక్క కొట్టించి, దాని మీద లక్ష్మీనరసింహస్వామి పటం పెట్టి, కర్పూరం వెలిగించాడు. కొన్న దగ్గర్నుంచి ఆ వ్యానులో ఆయన ఊపిరి నిండా పీల్చుకున్నది అప్పుడే.

బయల్దేరే రోజు వ్యాను తిన్నగా తమ్ముడి గుమ్మం ముందు ఆపించాడు. కాకినాడ నుంచి తెల్లవారుజామునే దిగిన సాంబశివరాజు సంచులు పట్టుకొచ్చాడు. వెనకే వరలక్ష్మమ్మ. మూడేళ్ళ తర్వాత వీధిలోకొచ్చిన మనిషిని చూడ్డానికి ఇరుగుపొరుగు గోడల మీదనుంచి తొంగిచూశారు. పట్టుచీర, తలలో చామంతులు. జాతరకి బయల్దేరిన ఆడపిల్లలా ఉంది మొహం.

వ్యానులో ఒక కాలు పెట్టింది. మూలకి చూసింది.

పటానికి దణ్ణం పెట్టుకుంది. కాలు వెనక్కి తీసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. గది తలుపు గడియ పడిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

"చూశావట్రా? సాక్షాత్తూ నరసింహస్వామిని పెట్టినా మీ ఆవిడకి ఆ దొడ్డే కావాలి! ఛీ!" అన్నాడు శ్రీనివాసరాజు.

సాంబశివరాజు అన్నగారి చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి తీసుకెళ్ళాడు. ఎవరూ వినడం లేదని చూసుకున్నాడు.

"గర్భసంచి తీసినప్పట్నుంచి దానికి ఒంటేలు ఆగదన్నయ్యా, అరగంటకోసారి తలుపేసుకుని బట్టలు మార్చుకోవాలి."